పిండినల్లిని తినే కందిరీగ: దాని పేరు కూలీకి ఎందుకు తెలియాలి?

పత్తి చేలో పురుగు కనపడితే మన ఊళ్ళలో ముందుగా వినిపించే మాట "ఏం మందు కొడదాం?" అన్నదే. ఆ పురుగు పేరేమిటన్నది తరువాతి ప్రశ్న. దాన్ని చంపే మరో పురుగు అదే చేలో వున్నదా అన్న ప్రశ్న దాదాపు ఎవరి నోటా రాదు. అది రాకపోవటం వల్ల లాభపడేవారు వున్నారు. మందు డబ్బా ఖరీదు రైతు అప్పు ఖాతాలో చేరుతుంది. డబ్బాలోని విషం పంపు మోసే కూలీ వొంట్లో చేరుతుంది. లాభం మాత్రం ఊరు దాటిపోతుంది.

2008లో మన దేశపు పత్తి చేలలో ఒక చిన్న కందిరీగను శాస్త్రవేత్తలు కొత్తగా గుర్తించారు. పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లు. దాన్ని ఏ కంపెనీ అమ్మలేదు, ఏ ప్రభుత్వమూ దిగుమతి చేయలేదు. తనంత తాను వచ్చి, అప్పటికి రెండు మూడేళ్ళుగా పత్తి రైతాంగాన్ని వణికించిన పిండినల్లిని అణగదొక్కింది. ఈ కందిరీగను గుర్తించటం ఎట్లా జరిగింది, దానికి పేరు పెట్టటంలో ఎన్ని మలుపులు వచ్చాయి, ఆ పేరుతో వ్యవసాయ కూలీకి ఏం పని అన్నది ఈ వారం చెప్పదలచాము.

తెల్లపిండి ఎక్కడ నుంచి వచ్చింది?

పిండినల్లి మనకు కొత్త మాటేమీ కాదు. మందార కొమ్మ మీద, జామ ఆకు మీద తెల్లటి పిండి చల్లినట్లు కనిపించే పురుగును మన పెద్దలూ చూశారు. 2005 తరువాత పత్తి మీదికి వచ్చిన పిండినల్లి మాత్రం వేరే జాతి. ముందు పాకిస్తాన్‌లోని సింధ్, పంజాబ్ రాష్ట్రాల పత్తిని పట్టుకున్నది. 2006, 2007 నాటికి మన గుజరాత్, పంజాబ్, హర్యానా పొలాల్లో కనిపించింది. తరువాత దక్షిణాదికి దిగింది.

ఆడపిండినల్లికి రెక్కలుండవు. ఒక్కొక్కటి వందల పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు గాలికి కొట్టుకుపోతాయి, కాలవ నీటిలో తేలిపోతాయి, మన బట్టలకూ పనిముట్లకూ అంటుకొని పక్క చేనుకు చేరతాయి. లేత కొమ్మ రసం పీల్చేస్తే మొక్క గిడసబారుతుంది, ఆకు ముడుచుకుంటుంది, కాయ సరిగా విచ్చదు. పురుగు విసర్జించే తియ్యని బంక మీద నల్లటి మసి పడుతుంది. ఆ బంక కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. పత్తి లేని కాలంలో గట్ల మీది వయ్యారిభామ, తుత్తురబెండ వంటి కలుపు మొక్కల మీద బతుకుతుంది. వందకు పైగా రకాల మొక్కల మీద ఇది బతకగలదు.

వొంటి మీద మైనపు పొడి వుండటం వల్ల కొట్టిన మందు దానికి సరిగా అంటదు. కొమ్మ సందుల్లో, ఆకు అడుగున గుంపుగా దాగి వుంటుంది. 2002లో అనుమతి పొందిన బీటీ విత్తనం కాయతొలిచే పురుగు కోసం చేసింది. రసం పీల్చే పిండినల్లిని అది ఏమీ చేయలేదు. దాంతో రైతులు ఒక మందు తరువాత ఒక మందు, రెండు మూడు కలిపి కూడా కొట్టారు. పిండినల్లి తగ్గలేదు. దాన్ని తినే పురుగులు మాత్రం చచ్చాయి.

ముందుగా పురుగు పేరే తప్పింది

శత్రువు ఎవరో తెలియకుండా యుద్ధం చేయలేము. మొదట్లో పాకిస్తాన్‌లో ఈ పిండినల్లిని ఇంతవరకు ఎవరూ ఎరుగని కొత్త జాతి అనుకున్నారు. పత్తిని ప్రేమించేది అనే అర్థంలో పేరు కూడా పెట్టారు. మన దేశంలోనూ మొదట ఒకరు ఒక జాతి అన్నారు, ఇంకొకరు ఇంకో జాతి అన్నారు. 2008లో నమూనాలన్నిటినీ జాగ్రత్తగా పోల్చి చూసిన తరువాత అసలు సంగతి తేలింది. ఇది కొత్త జాతి కాదు. 1898లోనే టిన్‌స్లే అనే శాస్త్రవేత్త అమెరికాలోని న్యూమెక్సికోలో చీమల పుట్టలో దొరికిన పురుగుగా వర్ణించిన ఫినకాకస్ సొలెనోప్సిస్. సొలెనోప్సిస్ అన్నది ఆ చీమ పేరే.

నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పత్తి పండే తొమ్మిది రాష్ట్రాల్లో 47 చోట్ల నమూనాలు సేకరించి 2009లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షించిన నమూనాల్లో నూటికి 95 ఈ అమెరికా పిండినల్లివే. పాత దేశవాళీ పిండినల్లి దోషమన్నట్లు సాగిన ప్రచారానికి దీంతో తెరపడింది.

పురుగు అమెరికాదని తేలటం వల్ల మనకేమిటి అని అడగవచ్చు. పరాయి నేల నుంచి వచ్చిన పురుగు తన సహజ శత్రువులను వెనక వదిలి వస్తుంది. అందుకే కొత్త చోట విజృంభిస్తుంది. దాని శత్రువుల కోసం ఎక్కడ వెతకాలో చెప్పేది దాని సరైన పేరే.

పేరు తప్పితే ఏమవుతుందో ఆఫ్రికా కర్రపెండలం కథ చెబుతుంది. 1970 దశకంలో అక్కడి పేదల తిండి అయిన కర్రపెండలాన్ని ఒక పిండినల్లి నాశనం చేసింది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిందని తెలుసుకొని, ఆ ఖండపు ఉత్తర భాగంలో అటువంటిదే కనిపిస్తే దాని కందిరీగలను తెచ్చి వదిలారు. అవి పని చేయలేదు. చూడటానికి ఒకటిగా వున్నా అక్కడిది వేరే జాతి. చివరకు 1981లో పరాగ్వేలో అసలు పురుగు దొరికింది, దానితో పాటు దాని కందిరీగ దొరికింది. ఆ కందిరీగను ఆఫ్రికా అంతటా వదలటంతో కర్రపెండలం బతికింది. ఈ పనికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అదే పిండినల్లి 2020లో కేరళలో కనిపించింది. దాని పేరు అప్పటికే ఖాయంగా తెలిసి వుండటం వల్ల, ఏ కందిరీగ కావాలన్న వెతుకులాట లేకుండా ఆఫ్రికాలోని బెనిన్ నుంచి మరుసటి సంవత్సరమే తెప్పించగలిగారు. గోదావరి జిల్లాల మెట్ట భూముల్లో కర్రపెండలం పండించే రైతులూ, తవ్వే కూలీలూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గోధుమరంగు పీపాలు

పత్తి పిండినల్లి విషయంలో ఎవరూ ఏదీ తెప్పించవలసిన అవసరం రాలేదు. 2008లో ఢిల్లీ ప్రాంతంలో పిండినల్లి పట్టిన మొక్కలను చూస్తున్న శాస్త్రవేత్తలకు తెల్లటి గుంపుల మధ్య గోధుమరంగులో గట్టిపడిన పురుగులు కనిపించాయి. చిన్న పీపాల్లాగా ఉబ్బి, మైనపు పొడి రాలిపోయి వున్నాయి. వాటిని గాజు గొట్టాల్లో వేసి వుంచితే కొద్ది రోజులకు ఒక్కొక్క పీపాకు చివర గుండ్రటి కన్నం చేసుకొని నల్లటి కందిరీగ ఒక్కొక్కటే బయటికి వచ్చింది.

దాని పని తీరు ఇది. ఆడకందిరీగ పిండినల్లిని మీసాలతో తడిమి చూస్తుంది. తగిన వయసుదని తేలితే తోక దగ్గరి సన్నని సూది లాంటి అవయవంతో దాని వొంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల లోపలి నుంచే పిండినల్లిని తింటుంది. సుమారు వారం రోజులకు పిండినల్లి చచ్చి గట్టి పెంకుగా మారుతుంది. ఆ పెంకులోనే పిల్ల ఎదిగి కందిరీగ అవుతుంది. గుడ్డు నుంచి కందిరీగ దాకా, వేడిని బట్టి, రెండు వారాలు అటూ ఇటూ. పిండినల్లి ఒక తరం ముగియటానికి సుమారు నెల పడుతుంది. అంటే పిండినల్లి ఒక తరం గడిచేలోగా కందిరీగ రెండు తరాలు గడుస్తాయి. ఈ లెక్క వల్లనే అది పిండినల్లిని పట్టుకోగలుగుతుంది. మన వ్యవసాయ పుస్తకాల్లో ఇటువంటి వాటిని బదనికలు అంటారు. ఇవి మనుషులను కుట్టవు.

పేరు పెట్టటమూ, పేరు మారటమూ

పీపాలోంచి నల్లటి ఈగ లాంటిది వచ్చింది అంటే గుర్తింపు అయిపోయినట్లు కాదు. పిండినల్లుల మీద బతికే కందిరీగలు వందల జాతులు. చాలావాటిని మామూలు కంటితో వేరు చేయలేము. చచ్చిన కందిరీగను చిన్న అట్టముక్కకు అంటించి, ఇంకొకదాన్ని విడదీసి గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. మీసంలో కణుపులు ఎన్ని, ఏ కణుపు ఎంత పొడవు, రెక్కలో ఈనె ఎక్కడ ఆగింది, తల మీద గుంటలు ఎట్లా వున్నాయి అని ఒక్కొక్కటే కొలుస్తారు. ఈ కందిరీగ తల మీద, దర్జీ వేలికి తొడుక్కునే అంగుస్తానా మీద వున్నట్లు, దగ్గర దగ్గరగా గుంటలుంటాయి. ఆడదాని మీసంలో మొదటి కణుపు వెడల్పుగా, చదునుగా వుంటుంది. ఇవన్నీ ఎనేసియస్ అనే ప్రజాతి లక్షణాలు.

ఈ పనిలో మన దేశంలో పేరెన్నిక గన్నవారు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చెందిన మహమ్మద్ హయత్. ఆయన ఈ కందిరీగను పరిశీలించి కొత్త జాతిగా 2009లో వర్ణించారు. ఢిల్లీలోని సమగ్ర సస్యరక్షణ జాతీయ కేంద్రానికి అప్పటి డైరెక్టరు బంబావాలే పేరు మీద ఎనేసియస్ బంబావాలీ అని పేరు పెట్టారు. వర్ణన అచ్చయిన తరువాత మిగతా రాష్ట్రాల వారికి ఏం చూడాలో తెలిసింది. ఉత్తరాది నుంచి దక్షిణాది దాకా పత్తి రాష్ట్రాల్లో ఒక్కొక్క చోటా ఇదే కందిరీగ బయటపడింది. పాకిస్తాన్‌లోనూ, చైనాలోనూ కనిపించింది.

కథ అక్కడ ఆగలేదు. ఇరాన్ కందిరీగలను పరిశీలించిన శాస్త్రవేత్తలు పాత నమూనాలతో, పాత వర్ణనలతో పోల్చి చూసి 2014లో ఇంకో సంగతి తేల్చారు. మనం కొత్త జాతి అనుకున్నది, 1915లో గిరాల్ట్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని అరిజోనా పేరు మీద వర్ణించిన జాతే. అప్పటి నుంచి దాని పేరు ఎనేసియస్ అరిజోనెన్సిస్. శాస్త్రంలో ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి 2009 నాటి పేరు వెనక్కు పోయింది.

దీన్ని చూసి శాస్త్రవేత్తలకే ఏమీ తెలియదని ఎగతాళి చేయటం తప్పు. హయత్ చేసిన వర్ణన స్పష్టంగా వున్నందువల్లనే తరువాతివారు పోల్చగలిగారు. ఎవరి పనినైనా ఎవరైనా పరీక్షించవచ్చు, తప్పు వుంటే నలుగురి ముందు దిద్దవచ్చు. మందు కంపెనీ రహస్యాలకు ఈ గుణం లేదు.

పైగా పేరు మారటంతో అర్థం కూడా మారింది. ఇది మన నేల కందిరీగ అనుకున్నంత కాలం, ఇక్కడి పురుగు ఏదో కొత్తగా పిండినల్లిని రుచి మరిగింది అనుకున్నాము. పిండినల్లిదీ కందిరీగదీ ఒకే ఖండం అని తేలిన తరువాత విషయం బోధపడింది. పాత పగవాడు దొంగ వెంటే సముద్రం దాటి వచ్చాడు. బహుశా పిండినల్లి వొంట్లోనే వచ్చి వుంటుంది. 2009 తరువాత పత్తి మీద పిండినల్లి మునుపటి భీభత్సం తగ్గటానికి ముఖ్య కారణాల్లో ఈ కందిరీగ ఒకటని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

చేలో మనం ఏం చూడాలి?

సూక్ష్మదర్శిని కూలీ చేతిలో లేదు. అయినా చేనును రోజూ దగ్గర నుంచి చూసేది కూలీ కళ్ళే. కలుపు తీసే, పత్తి ఏరే ఆడవాళ్ళకు ఏ సాలులో ఏ మొక్క ఎట్లా వున్నదో తెలిసినంతగా గట్టు మీద నిలబడే ఆసామికి తెలియదు. వారు గుర్తుంచుకోవలసినవి కొన్నే.

తెల్లగా మెత్తగా పొడి అంటుకొని వుంటే బతికున్న పిండినల్లి. గోధుమరంగులో గట్టిగా, పొడి లేకుండా పీపాలాగా వుంటే లోపల కందిరీగ పెరుగుతున్నది. పీపాకు గుండ్రటి కన్నం వుంటే కందిరీగ వెళ్ళిపోయింది, అంటే చేలో తిరుగుతున్నది. తెల్లవాటి మధ్య గోధుమరంగువి పెరుగుతున్నాయంటే కందిరీగ పని చేస్తున్నదన్న మాట. అటువంటప్పుడు మందు కొడితే పెంకు లోపలిది కొంత తట్టుకోవచ్చు, బయట తిరిగేది చస్తుంది. పిండినల్లి మాత్రం మైనం చాటున మిగులుతుంది.

పిండినల్లి పట్టిన మొక్కలను పీకి తగలబెట్టమని సలహా ఇస్తారు. తొలిరోజుల్లో ఒకటీ అరా మొక్కలకు పట్టినప్పుడు అది మంచిదే. కానీ తగలబెట్టే ముందు కొమ్మలు చూడండి. గోధుమరంగు పీపాలుంటే వాటిని ఏరి, సీసాలో వేసి, మూతికి పలచటి గుడ్డ కట్టి నీడన పెట్టండి. వారం పది రోజుల్లో వచ్చే కందిరీగలను పిండినల్లి వున్న చోట వదలండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అక్షింతల పురుగుల్లో కొన్నింటి పిల్లలు కూడా తెల్లటి మైనపు పోగులతో పిండినల్లిలాగే వుంటాయి. అవి పిండినల్లిని తినేవి. చురుగ్గా కదులుతుంటే చంపకండి. రెండోది, పీపాలోంచి వచ్చే ప్రతి కందిరీగా మన పక్షం కాదు. ప్రొమస్కిడియా అనే ఇంకా చిన్న కందిరీగ మన కందిరీగ పిల్లనే తిని పీపాలోంచి వస్తుంది. సీసాలో రెండు రకాలు కనిపిస్తే వదలకుండా వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి పంపాలి. గుర్తింపు తెలిసిన శాస్త్రవేత్త అవసరం మళ్ళీ ఇక్కడే వస్తుంది.

ఈ కందిరీగ అన్ని పురుగులకూ మందు కాదన్నది కూడా చెప్పాలి. ఇప్పుడు పత్తిని పీడిస్తున్న గులాబీరంగు పురుగును ఇది ముట్టదు. తెల్లదోమను ముట్టదు. అయితే వాటికీ వేరే శత్రువులున్నాయి. ఒక పురుగు కోసం కొట్టిన మందు ఇంకో పురుగు శత్రువును చంపుతుందన్న సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది.

పంపు మోసేవాడికి చెల్లించేదెవరు?

1997-98లో లద్దెపురుగు దాడి చేసినప్పుడు వరంగల్లు పత్తి రైతులు అప్పు చేసి మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు. ఎందరో రైతులు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2017లో పెన్‌గంగకు అవతల, ఆదిలాబాదుకు ఆనుకొని వున్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనలు, మందు చల్లేవారికి తగిన రక్షణ దుస్తులుండాలని చెబుతున్నాయి. మన చేలల్లో ముఖానికి కట్టుకునే తువ్వాలే రక్షణ. మందు కొట్టాలా వద్దా అని నిర్ణయించేటప్పుడు కూలీని ఎవరూ అడగరు. చాలాచోట్ల రైతు కూడా నిర్ణయించటం లేదు. అప్పిచ్చిన దుకాణం చెప్పిందే వేదం. కౌలు రైతు పరిస్థితి మరీ అన్యాయం. పంట పోతే కౌలు ఎక్కడ నుంచి తేవాలన్న భయంతో ఒకసారి కొట్టవలసిన చోట మూడుసార్లు కొడతాడు.

పురుగుమందు లేకుండా పత్తి పండదన్నది అబద్ధమని 2000 దశకంలో ఆనాటి ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ జిల్లా ఏనెబావి గ్రామాల రైతులు చేసి చూపించారు. ఊరంతా కలిసి నిలబడితేనే అది సాధ్యమయింది. పక్క చేను వారు విషం కొడుతుంటే మన చేలో కందిరీగ మిగలదు.

ఏం అడగాలి?

గోధుమరంగు పీపాను గుర్తుపట్టటం ఒక్క పూటలో నేర్చుకోగల పని. మండల వ్యవసాయాధికారులు ఆ పాఠాన్ని సమావేశ మందిరంలో భూమి పట్టా వున్నవారికి మాత్రమే చెప్పి సరిపెట్టకూడదు. చేలోనే, కూలీలకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు చెప్పాలి. ఆ పూట కూలి డబ్బు ప్రభుత్వం ఇవ్వాలి. రక్షణ దుస్తులు ఇవ్వనిదే పంపు ఎత్తబోమని చెప్పే హక్కు కూలీకి వుండాలి, అలా చెప్పినందుకు పని పోగూడదు.

రెండోది, పురుగులను గుర్తించే శాస్త్రం లాభం తెచ్చే సరుకు కాదు కాబట్టి ఏ కంపెనీ దానికి డబ్బు పెట్టదు. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సంస్థలు పెట్టాలి. ఈ చదువు చదివేవారు తగ్గిపోతున్నారు. 1898 నాటి వర్ణన, 1915 నాటి వర్ణన ఏదో గ్రంథాలయంలో, నమూనాలు ఏదో భాండాగారంలో భద్రంగా వుండటం వల్లనే మన చేలోని కందిరీగకు పేరు దొరికింది. రైతు గానీ కూలీ గానీ పంపిన పురుగు పేరు ఉచితంగా, త్వరగా చెప్పే ఏర్పాటు ప్రతి జిల్లాలో వుండాలి.

ఈసారి పత్తి చేలో తెల్లపిండి కనిపిస్తే పంపు ఎత్తే ముందు పది కొమ్మలు తిప్పి చూడండి. గోధుమరంగు పీపాలు లెక్కపెట్టండి. ఆసామికి చూపించండి, కౌలు రైతుకు చూపించండి. సంఘం సమావేశంలో నలుగురికీ చూపించండి.